దేవుడు వరమిచ్చాడు, పూజారికి చెమటలు పట్టాయి

2021 ఫిబ్రవరిలో మా గోడౌన్‌లో ఆరు ఫైబర్ డ్రమ్ములు నెలరోజులకు పైగా ఉండిపోయాయి. ఒక్కోదాంట్లో 25 కిలోల డెఫరాసిరాక్స్. తలసేమియా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఆ రక్తంతోపాటు ఒంట్లోకి చేరే ఇనుము బయటికి పోయే దారిలేక గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని లాగేసే మందు ఇది. 150 కిలోలంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు మూడు లక్షలు. డ్రమ్ముల మీద నల్లటి పెద్ద అక్షరాల్లో షిప్పింగ్ మార్కు: టెహ్రాన్.

సరుకు తయారు. ల్యాబ్ రిపోర్టు తయారు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు నేనే టైపు చేశాను. అప్పట్లో నేను హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న బల్క్ డ్రగ్ కంపెనీలో ఎగుమతుల కాగితాలు చూసేవాణ్ణి. టెహ్రాన్ పార్టీ డబ్బు కట్టనని ఎప్పుడూ అనలేదు. కడతాను, ఏ దారిన పంపమంటారో చెప్పండి అని రోజూ ఫోను. అక్కడి ఏజెంటు అరవై దాటిన పెద్దమనిషి. నన్ను ‘ఆఘా’ అనేవాడు, మన ‘అయ్యా’ లాంటి పిలుపు. ఫోను తీస్తే ముందు మా ఇంట్లో అందరి ఆరోగ్యం అడిగి, ఆ తర్వాతే డ్రమ్ముల సంగతి అడిగేవాడు.

అంతకుముందు వాళ్ల డబ్బు కోల్‌కతాలోని ఒక రూపాయి ఖాతా నుంచి వచ్చేది. ఆ ఖాతా కథ తర్వాత చెబుతాను. అది అడుగంటడంతో, మూడో దేశంలోని బ్యాంకు ద్వారా యూరోల్లో పంపుతామన్నారు. మా బ్యాంకులో ఫారెక్స్ చూసే ఆయన కాగితాలన్నీ తిరగేసి, "ఇరాన్‌కి మందులు పంపకూడదని ఎక్కడా లేదండీ. కానీ మేం చెయ్యం" అన్నాడు. ఆ ముక్క రాసివ్వమన్నాను. నవ్వాడు. "కూడదని రూలుంటే రాసిద్దును. లేని రూలుకి ఏం రాయమంటారు?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడం లేదని ఆ సాయంత్రం ఇంట్లో అన్నాను. ఆ తర్వాత ఇరాన్ మీద అమెరికా పెట్టిన ఆర్థిక ఆంక్షల గురించి చదవడం మొదలుపెట్టాక సామెత ఇక్కడ అతకదని అర్థమైంది. సామెతలో తప్పంతా పూజారి మీదకు పోతుంది. దేవుడు పాపం, ఇవ్వాల్సింది ఇచ్చేశాడు. ఇక్కడ అలా లేదు. నిరుడు పులిహోర పంచుతూ ఎవరికో రెండు పొట్లాలు ఎక్కువిచ్చాడని ఒక పూజారిని ధ్వజస్తంభానికి కట్టేసి కొట్టించినవాడే, ఈ ఏడు ‘ప్రసాదం పంచొద్దని నేనన్నానా?’ అంటున్నాడు. పూజారి చెయ్యి వణకదా మరి? ఆ వణుకు ఏదో పొరపాటున పుట్టిందని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. ఆంక్షలు పనిచేసేదే ఆ వణుకు మీద.

ముందు కాగితం మీద ఏముందో చూద్దాం. కాగితం నిజంగానే బాగుంటుంది. ఇరాన్ మీద అమెరికా పెట్టిన ఆంక్షల్లో తిండికీ మందులకీ మినహాయింపు ఉంది. దీనికోసం అమెరికన్ కాంగ్రెస్ 2000లోనే ఒక చట్టం చేసింది. మొదట్లో ఒక్కో ఎగుమతికీ విడిగా లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. తర్వాత చాలా మందులకి అడగక్కర్లేకుండానే మూకుమ్మడి అనుమతి ఇచ్చారు. మందుల మీద ఆంక్షలు లేవని వాషింగ్టన్‌లో ఎవరైనా అంటే అది అబద్ధం కాదు. అబద్ధమైతే పట్టుకోవడం తేలికయ్యేది.

అయితే మందు తనంతట తను నడిచి వెళ్లదు. దానికి ఓడ కావాలి, ఓడకి బీమా కావాలి, దిగడానికి రేవు కావాలి, వీటన్నిటికంటే ముందు డబ్బు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి కదలాలి. ఇరాన్ చమురు మీద ఆంక్ష, ఓడల మీద ఆంక్ష, బ్యాంకుల మీద ఆంక్ష. 2012 మార్చిలో ఇరాన్ బ్యాంకుల్ని స్విఫ్ట్ నుంచి తీసేశారు. స్విఫ్ట్ డబ్బు పంపదు. ఫలానా ఖాతాలో ఇంత వేయండని ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకి పంపే సందేశాన్ని మాత్రమే మోస్తుంది. ఆ సందేశం లేకపోతే పెట్టెలో డబ్బున్నా లేనట్టే. 2015 అణు ఒప్పందం తర్వాత మళ్లీ కలిపారు. 2018 మే 8న ట్రంప్ ఒప్పందం నుంచి బయటికి వచ్చేశాడు. ఆ నవంబరులో మళ్లీ ఆ తీగ తెగింది. 2019 సెప్టెంబరులో ఇరాన్ కేంద్ర బ్యాంకుని ఉగ్రవాద చట్టాల కింద కూడా చేర్చారు. ఆ దేశంలో విదేశీ మారకం ఎవరికి కావాలన్నా చివరికి ఆ గుమ్మమే తొక్కాలి. అలా చేర్చడంతో అంతవరకూ మందుల కోసం ఆ బ్యాంకుతో లావాదేవీకి ఉన్న మినహాయింపు కూడా పోయింది. దాన్ని సరిదిద్దుతూ కొత్త అనుమతి వచ్చింది 2020 ఫిబ్రవరి ఆఖర్న. మధ్యలో అయిదు నెలలు.

ఇప్పుడు బ్యాంకు మేనేజరు కుర్చీలో కూర్చుని ఆలోచించండి. 2014లో బీఎన్‌పీ పరిబా అనే ఫ్రెంచి బ్యాంకు సూడాన్, ఇరాన్, క్యూబాల తరఫున దొంగచాటుగా డాలర్లు తిప్పిందని అమెరికా వేసిన జరిమానా దాదాపు 8.9 బిలియన్ డాలర్లు. ఆ కేసు మందులది కాదు. ఆ బ్యాంకు తెలిసే తప్పు చేసింది, ఒప్పుకుంది కూడా. కానీ ఆ అంకె విన్న ఏ బ్యాంకైనా మందుల పేమెంటుకీ, మందుల పేరుతో ఇంకేదో చేసే పేమెంటుకీ తేడా కనిపెట్టే పని నెత్తిన వేసుకుంటుందా? మా ఆరు డ్రమ్ముల బిల్లు మీద మా బ్యాంకుకి వచ్చే కమీషను కొన్ని వేల రూపాయలు. చెయ్యనంటే పోయేది ఆ వేలే. చేసి ఎక్కడో తేడా కొడితే పోయేది న్యూయార్క్‌లోని డాలరు ఖాతా. నేనా సీట్లో ఉంటే నేనూ ‘మేం చెయ్యం’ అనేవాణ్ణి.

ఆ ఫ్రెంచి బ్యాంకు పేరు మర్చిపోకండి. ఇంకో కథలో మళ్లీ వస్తుంది.

ఆ కథ ఇరాక్‌ది. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది. నాలుగు రోజుల్లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 661వ తీర్మానం చేసింది. ఇరాక్‌తో, ఆక్రమిత కువైట్‌తో ఎవరూ ఏమీ కొనకూడదు, అమ్మకూడదు. మినహాయింపు రెండింటికి: వైద్యానికి వాడే సరుకులు, ‘మానవతా పరిస్థితుల్లో’ ఆహారం. ఆ ‘పరిస్థితుల్లో’ అన్న మాట చూడండి. మందు ఎప్పుడైనా పోవచ్చు. అన్నం మాత్రం ఆకలి మొదలైందని ఎవరో తేల్చాకే పోవాలి.

ఆ మాటకి తొలి పరీక్షల్లో ఒకటి మనవాళ్ల కడుపుల మీదే జరిగింది. ఆ ఆగస్టులో కువైట్‌లో చిక్కుకుపోయిన లక్షన్నరకి పైగా భారతీయుల్లో కడపవాళ్లు, గోదావరి జిల్లాలవాళ్లు ఎందరో ఉన్నారు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో వాళ్లని తెచ్చిన సంగతి అందరికీ గుర్తుంది. విశ్వసిద్ధి అనే ఓడ కథ గుర్తున్నవాళ్లు తక్కువ. ఇంకా రాలేనివాళ్లకి ఆ ఓడలో తిండి పంపాలంటే భారత ప్రభుత్వం ఆంక్షల కమిటీ అనుమతి అడగాల్సి వచ్చింది. సెప్టెంబరులో అనుమతి వచ్చాకే ఓడ పోయింది. ఆంక్షల దెబ్బ తినేవాళ్ల వైపు మనం ఉన్న ఆ కొద్దిరోజుల్లో, తిండి పంపడానికి ఇంకొకరి అనుమతి ఏమిటని మన పార్లమెంటూ పత్రికలూ అడగాల్సింది అప్పుడే. కువైట్ మళ్లీ తెరుచుకోగానే మనకి ఆ ప్రశ్న అవసరం తీరిపోయింది.

ఇరాక్‌కి తీరలేదు. కువైట్ కోసం జరిగిన యుద్ధంలో కరెంటు కేంద్రాలు కూలాయి. కరెంటు లేక నీళ్ల పంపులు, మురుగు శుద్ధి ఆగిపోయాయి. నీళ్లలో మురుగు కలిసింది. చమురు అమ్మి తిండి కొనుక్కోండని 1991లోనే భద్రతామండలి ఒక పథకం ఇచ్చింది. సద్దాం ఒప్పుకోలేదు, నా సార్వభౌమత్వం అన్నాడు. ఆ అయిదేళ్ల పాపంలో పెద్ద వాటా అతనిది. చివరికి 1995లో 986వ తీర్మానం, 1996 మేలో ఒప్పందం, ఆ డిసెంబరులో చమురు, 1997 మార్చిలో మొదటి తిండిగింజలు. దీన్నే చమురుకు ఆహారం పథకం అన్నారు.

చమురు అమ్మిన డబ్బు బాగ్దాద్‌కి పోలేదు. న్యూయార్క్‌లో ఒక ఖాతాలో పడింది. ఆ ఖాతా ఉన్నది బీఎన్‌పీ న్యూయార్క్ శాఖలో, తర్వాత బీఎన్‌పీ పరిబా అయిన ఆ బ్యాంకే. అక్కడ మొదట్లో ప్రతి 100 డాలర్లలో 30 యుద్ధ నష్టపరిహారానికి జెనీవా పోయేవి. 13 ఉత్తరాన కుర్దుల ప్రాంతానికి. కొంత ఐరాస ఖర్చులకి, ఆయుధాల తనిఖీదార్లకి. మిగిలిన 53 డాలర్లు దేశంలోని మిగతా జనాభా అంతటికీ. తర్వాత ఆ 30 తగ్గి 25 అయింది. సొంత డబ్బుతో, సొంత చమురుతో నడిచిన దీన్ని ‘సాయం’ అని రాసిన పత్రికలు చాలా ఉన్నాయి.

ఆ 53 డాలర్లతో ఏది కొనాలన్నా ఆ 661వ తీర్మానం కింద పెట్టిన ఆంక్షల కమిటీ ముందుకు రావాలి. పదిహేను దేశాలు, తలుపులు మూసిన గది. ఏ ఒక్క దేశమైనా ‘ఆపండి’ అంటే ఆ కాంట్రాక్టు ఆగిపోయేది. ఆపినవాటిలో ఎక్కువ అమెరికావే, కొన్ని బ్రిటన్‌వి. రెండు రకాలుగా వాడే వీలుందన్నది సాకు. నిజమే, క్లోరిన్ నీళ్లని శుభ్రం చేస్తుంది, విషవాయువుగానూ మారుతుంది. పంపు మురుగు తోడుతుంది, ఇంకేదైనా కూడా తోడుతుంది. ఆ లెక్కన చూస్తే ప్రపంచంలో ఒక్క రకంగానే వాడగలిగే వస్తువు ఏదో నాకు తట్టడం లేదు. 2001 మొదట్లో పిల్లల టీకాలు కూడా కొన్ని ఆగిపోయి, గొడవయ్యాక వదిలారు. 2002 మధ్యకి అలా ఆగిన సరుకుల విలువ 5 బిలియన్ డాలర్లు దాటింది. దీనికంటే కనబడని నష్టం ఒకటుంది. ఇన్సులిన్‌కి అనుమతి వచ్చి, దాన్ని చల్లగా మోసే లారీకి రాకపోతే ఇన్సులిన్ వచ్చినట్టా రానట్టా? లెక్కల్లో మాత్రం వచ్చినట్టే. ఆ పథకాన్ని అక్కడ నడిపిన డెనిస్ హాలిడే 1998లో రాజీనామా చేశాడు. ఆయన తర్వాత వచ్చిన హాన్స్ వాన్ స్పోనెక్ 2000లో చేశాడు. ఐరాసలో ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లు అంత తేలిగ్గా కుర్చీ వదలరు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఇరాక్ ఆంక్షల వల్ల అయిదు లక్షల మంది పిల్లలు చనిపోయారన్న అంకెని నేనే ఎన్నోసార్లు వాడాను. 1996లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆ అంకె చెప్పి అడిగితే, ఆ మూల్యం తగినదేనని అప్పటి ఐరాసలో అమెరికా రాయబారి మాడలిన్ ఆల్‌బ్రైట్ జవాబిచ్చింది. ఆ మాట అన్నందుకు తర్వాత తనే విచారించింది. కానీ ఆ అంకె నిలబడలేదు. పిల్లల మరణాలు రెట్టింపయ్యాయని 1999లో వచ్చిన సర్వే సద్దాం ప్రభుత్వం చేతుల మీదుగా జరిగింది. 2003 తర్వాత చేసిన సర్వేల్లో అంత పెరుగుదల కనిపించలేదు. ఆనాటి లెక్కల్ని కావాలనే తారుమారు చేశారని 2017లో పరిశోధకులు తేల్చారు. ఇది చదివిన రోజు నాకు కోపం వచ్చింది, ముందు సద్దాం మీద, తర్వాత నామీద. ఆంక్షలు తప్పని చెప్పడానికి నాకు అయిదు లక్షల శవాలు అవసరమయ్యాయా? ఆల్‌బ్రైట్ జవాబు మాత్రం ఆ అంకెతోపాటు చెరిగిపోదు. అంకె నిజమనుకునే ఆమె ఆ జవాబిచ్చింది.

పథకంలో దొంగలూ పడ్డారు. మొత్తం అమ్మిన చమురు 64 బిలియన్ డాలర్లది. అందులో దాదాపు 1.8 బిలియన్లు లంచాలుగా సద్దాం ప్రభుత్వానికి తిరిగి చేరాయని, రెండువేలకు పైగా కంపెనీలకు అందులో చెయ్యుందని 2005 అక్టోబరులో ఐరాస వేసిన వోల్కర్ విచారణ కమిటీ నివేదిక ఇచ్చింది. అందులో నట్వర్ సింగ్ పేరు కూడా రావడంతో ఆయన విదేశాంగ శాఖ పోయింది. తాను ఏ తప్పూ చేయలేదని ఆయన చెబుతూనే వచ్చాడు. మన పత్రికల్లో ఇరాక్ కథ అక్కడితో సరి. డిల్లీలో ఒక మంత్రి పదవి ఊడిందన్నదే మనకి వార్త.

ఇంత చెప్పాక మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు, ఇరాన్‌తో పోలిస్తే ఇరాక్ ఏర్పాటే నయమనిపిస్తుంది నాకు. అవమానకరమైనదే, నత్తనడకే, లంచగొండిదే. కానీ అందులో డబ్బు ఉంది, డబ్బుకి ఒక బ్యాంకు ఉంది, బ్యాంకుకి ధైర్యం ఉంది. సరుకు ఆగితే ఏ దేశం ఆపిందో గదిలో ఉన్నవాళ్లకి తెలిసేది, గదిలోంచి బయటికి పొక్కేది. టీకాల విషయంలో అలా పొక్కబట్టే వదిలారు. ఇరాన్‌కి వచ్చేసరికి ఆ గదిని ఎత్తేశారు. అనుమతి ఎవరినీ అడగక్కర్లేదు. కాబట్టి కాదన్నవాడూ ఎవడూ లేడు. మా డ్రమ్ముల్ని ఎవరు ఆపారు? అమెరికా ఆపలేదు. రిజర్వు బ్యాంకు ఆపలేదు. మా బ్యాంకు కూడా ఆపలేదు, ‘చెయ్యం’ అంది, అంతే. ఆపినవాడి పేరు లేకుండా ఆపడమన్నది ఈ ఇరవై ఏళ్లలో ఆంక్షల శాస్త్రం సాధించిన అసలు అభివృద్ధి.

ఇక ఆ రూపాయి ఖాతా. 2012లో ఆంక్షలు బిగిశాక, ఇరాన్ నుంచి కొనే చమురు ధరలో 45 శాతం మన చమురు కంపెనీలు రూపాయల్లో కట్టేట్టు ఒక ఏర్పాటు జరిగింది. కోల్‌కతా కేంద్రంగా ఉన్న యూకో బ్యాంకులో ఆ రూపాయలు పడేవి. యూకోనే ఎందుకంటే దానికి అమెరికాలో పోగొట్టుకునేంత వ్యాపారం లేదు. పూజారికి పోయేదేమీ లేకపోతే వరం ఇట్టే దొరుకుతుందన్నమాట. ఆ రూపాయలతో ఇరాన్ మన దగ్గరే బాస్మతి బియ్యం, టీ, మందులు కొనేది. డాలరు ఊసే లేదు. 2018 నవంబరులో మళ్లీ ఆంక్షలు వచ్చినప్పుడు అమెరికా మనతో సహా ఎనిమిది దేశాలకి ఆరు నెలల వెసులుబాటు ఇచ్చింది. 2019 మే మొదట్లో అది ముగిసింది, మనం ఇరాన్ చమురు కొనడం మానేశాం. ఖాతాలోకి కొత్త రూపాయి రావడం ఆగింది. పాతది కరుగుతూ 2021 మొదటికి అడుగంటింది. హర్యానా బియ్యం వ్యాపారులు గగ్గోలు పెడితే పత్రికల్లో వచ్చింది. ఆరు డ్రమ్ములవాళ్లం, మా గొడవ ఎవరికి పడుతుంది?

బియ్యం మీదా మందుల మీదా ఆంక్ష లేదు. చమురు మీదే. కానీ బియ్యం డబ్బు చమురులోంచే రావాలి. ఒక మనిషి జీతం ఆపేసి, ‘కిరాణా కొట్టుకి వెళ్లొద్దని మేం అనలేదే’ అన్నట్టుంటుంది. చమురు అమ్ముకుని బతికే దేశానికి మందుల మినహాయింపు ఇవ్వడమంటే ఆ మందులకి సరిపడా చమురుకి కూడా మినహాయింపు ఇవ్వడమే. ఇది లేనప్పుడు అది ఉత్త సంతకం.

ఇరాన్ తనకి కావలసిన మందుల్లో చాలాభాగం తనే తయారు చేసుకుంటుంది, లెక్కకి తొంభై శాతం పైన. అందువల్ల జలుబు మాత్ర దొరకలేదని అక్కడ ఎవరూ చచ్చిపోరు. దెబ్బ తగిలేది మిగిలిన కొద్ది శాతం మందులకి, వాటి మీద బతికే కొద్దిమందికి: హీమోఫీలియా, కొన్ని క్యాన్సర్లు, తలసేమియా. కాస్పియన్ తీరంలోని మాజందరాన్ వైపు తలసేమియా ఎక్కువ. ఎపిడెర్మోలైసిస్ బులోసా అనే జబ్బులో పిల్లల చర్మం సీతాకోకచిలుక రెక్కలా చిట్లుతుంది. వాళ్ల పుళ్ల మీద వేసే ప్రత్యేకమైన కట్లు ఒక స్వీడన్ కంపెనీ తయారుచేస్తుంది. 2018 తర్వాత ఆ కంపెనీ ఇరాన్‌కి పంపడం మానేసింది. కట్టు గుడ్డని ఏ చట్టమూ నిషేధించలేదు. మామూలు గాజుగుడ్డ వేస్తే, తీసేటప్పుడు చర్మం కూడా దాంతో ఊడొస్తుంది.

న్యాయస్థానం దాకా వెళ్లలేదా అంటే వెళ్లారు. 2018 అక్టోబరు 3న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, మందులకీ తిండికీ పౌర విమానాల భద్రతకు కావలసిన విడిభాగాలకీ ఉన్న అడ్డంకులు తొలగించమని అమెరికాని ఏకగ్రీవంగా ఆదేశించింది. ఆ ఉత్తర్వులో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. సరుకుకి అడ్డు తీస్తే చాలదు, ఆ సరుకు కోసం జరిగే చెల్లింపులకీ అడ్డు ఉండకూడదని అందులో రాశారు. ఎగుమతుల సీట్లో ఒక్క నెల కూర్చున్నవాడు రాసినట్టే ఉంటుంది. దేన్ని ఆధారం చేసుకుని ఆ కేసు నడిచిందో ఆ 1955 నాటి స్నేహ ఒప్పందాన్నే రద్దు చేస్తున్నామని అమెరికా అదేరోజు ప్రకటించింది. డాలరుతో పనిలేకుండా ఇరాన్‌తో వ్యాపారం నడపడానికి యూరప్ దేశాలు 2019 జనవరిలో ఇన్‌స్టెక్స్ అనే సంస్థ పెట్టాయి. దాని మొదటి లావాదేవీ పూర్తయింది 2020 మార్చిలో. 2023లో దుకాణం కట్టేశారు. ఆ మాటకొస్తే మా గోడౌన్ గుమాస్తా అంతకంటే ఎక్కువ సరుకే పంపుంటాడు.

వీటన్నిటికంటే దోహా ఖాతా సంగతి నాకు నిద్రపట్టనివ్వలేదు. దక్షిణ కొరియా కొన్న చమురు తాలూకు ఇరాన్ డబ్బు ఏళ్లతరబడి అక్కడి బ్యాంకుల్లో ఇరుక్కుపోయింది. 2023 సెప్టెంబరులో ఖైదీల మార్పిడిలో భాగంగా అందులో 6 బిలియన్ డాలర్ల విలువైన సొమ్ముని కతార్‌కి మార్చారు. తిండీ మందులూ లాంటివాటికే వాడాలి, ప్రతి పైసా మీద నిఘా. నేను ఎన్నాళ్లుగానో అడుగుతున్నది సరిగ్గా అలాంటిదే: డబ్బు, బ్యాంకు, లెక్క, మూడూ ఒకచోట. అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగింది. వారం తిరక్కుండా ఆ ఖాతాని ముట్టుకోనివ్వకూడదని అమెరికా, కతార్ అనుకున్నాయి. మందులకి మాత్రమే పనికొచ్చే డబ్బుని, మందులకి కూడా పనికిరాకుండా పక్కన పెట్టేశారు. కాగితం మీద మినహాయింపు అలాగే ఉంది.

నా మిత్రుడొకడు ఇదంతా విని, నువ్వు ఆ ముల్లాల ప్రభుత్వాన్ని వెనకేసుకొస్తున్నావన్నాడు. వాడి మాటలో నిజముంది. 2012లో ఇరాన్ ఆరోగ్య మంత్రి మర్జియే వాహిద్ దస్త్‌జెర్దీ, 1979 విప్లవం తర్వాత మంత్రి అయిన మొదటి మహిళ, మందులకి ఇస్తామన్న విదేశీ మారకం ఇవ్వలేదని, విలాసాల కార్ల దిగుమతికి మాత్రం దొరుకుతోందని బహిరంగంగా అనేసింది. డిసెంబరులో అధ్యక్షుడు అహ్మదీనెజాద్ ఆమె పదవి పీకేశాడు. టెహ్రాన్‌లో నాసర్ ఖోస్రో అనే వీధి ఉంది. ఫార్మసీలో దొరకని మందు ఆ వీధిలో దొరుకుతుంది, ధర చెప్పేవాడి దయ. ఆ మందులు అక్కడికి దారి తప్పి రాలేదు, ఎవరో దారి మళ్లించారు. ఆంక్షలుంటేనే లాభపడే జాతి ఒకటి ఇరాన్ ప్రభుత్వం చుట్టూ బలిసింది. మా ఏజెంటే ఒకసారి ఫోనులో గొంతు తగ్గించి, మీ బ్యాంకుకి అమెరికా అంటే భయం, మాకు మావాళ్లంటే భయం అన్నాడు.

అయినా మా మిత్రుడి వాదన ఎటు పోతుందో చూడండి. అక్కడి ప్రభుత్వం దొంగది కాబట్టి మినహాయింపు పనిచేయకపోయినా పరవాలేదంటే, మినహాయింపు ఎందుకు రాసినట్టు? మా ఏజెంటు మంత్రి బావమరిది అయ్యుంటే ఏదో దొడ్డిదారి వెతుక్కునేవాడు. బ్యాంకు దారి మూసుకుపోతే నష్టపోయేది ఇన్వాయిసు వేసుకుని పన్ను కట్టి మందు తెప్పించే ఇలాంటి వ్యాపారే. సరుకంతా నాసర్ ఖోస్రో చేతుల్లోకి పోతుంది. దొంగతనాన్ని ఆపాలనుకునేవాడు దొరల దారిని మూయడు కదా.

2022 డిసెంబరు 9న భద్రతామండలి 2664వ తీర్మానం చేసింది. ఐరాస ఆంక్షలు పెట్టిన ప్రతిచోటా మానవతా సాయానికి కావలసిన డబ్బుకీ సరుకుకీ ముందుగానే మినహాయింపు. ఇరాక్ నేర్పిన పాఠం వంటబట్టడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది. పద్నాలుగు దేశాలు అవునన్నాయి. ఒక దేశం ఓటు వేయకుండా ఊరుకుంది. ఆ దేశం మనదే, ఆ నెల అధ్యక్ష కుర్చీలో ఉన్నదీ మనమే. నిషేధిత ఉగ్ర సంస్థలు మన పొరుగున సేవాసంస్థల ముసుగు వేసుకుని చందాలు దండుకుంటున్నాయన్నది మన అభ్యంతరం. అది ఊహించి చెప్పింది కాదు, మనం అనుభవించి చెప్పింది. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ విశ్వసిద్ధిని పంపడానికి అనుమతి కోసం వేచి ఉన్న దేశం, ప్రపంచానికి మందులు అమ్మే దేశం, ఆ తీర్మానాన్ని ఇంకా గట్టిగా రాయించి ఓటు వేయాల్సింది. ఇంకోటేమిటంటే, 2664 ఐరాస ఆంక్షలకే వర్తిస్తుంది. ఒక దేశం తనంతట తాను పెట్టే ఆంక్షలకి దానితో పనిలేదు. మా డ్రమ్ములు ఆగింది ఆ రెండో రకం దగ్గర.

నన్ను అడిగితే, ఆంక్ష పెట్టినవాడే బ్యాంకుని కూడా చూపించాలి. ఫలానా బ్యాంకు ద్వారా మందుల డబ్బు పంపండి, పంపినందుకు మీ జోలికి రామని సంతకం చేసిచ్చిన ఉత్తరం ఉండాలి. 2020లో స్విట్జర్లాండ్‌తో అలాంటిదే ఒకటి పెట్టారు. అయితే స్విస్ కంపెనీలకి, స్విట్జర్లాండ్‌తో లంకె ఉన్నవాళ్లకి మాత్రమే, బోలెడు కాగితాలతో. జెనరిక్ మందులు తయారుచేసే హైదరాబాద్‌కి అలాంటిది ఏదీ? దానితోపాటు ఏడాదికోసారి లెక్క చెప్పాలి: ఎన్ని మందుల చెల్లింపులు అడిగారు, ఎన్ని జరిగాయి, ఎన్ని రోజులు పట్టాయి. ఎన్ని చమురు ఓడల్ని పట్టుకున్నామో గొప్పగా ప్రకటించేవాళ్లకి ఈ లెక్క కష్టమైనది కాదు. కష్టమంతా ఒక్కటే, లెక్క చెబితే ఆపినవాడి పేరు బయటపడుతుంది.

2021 ఏప్రిల్‌లో మా టెహ్రాన్ ఆర్డరు రద్దయింది. నిల్వ ఉన్న సరుకుని ఎన్నాళ్లని పెట్టుకుంటాం? వేరే దేశం పార్టీ ఒకరు తక్కువ ధరకి అడిగితే ఇచ్చేశాం. గోడౌన్ కుర్రాడు డ్రమ్ముల మీద టెహ్రాన్ అన్న చోట నల్ల రంగు కొట్టి, దానిమీద కొత్త లేబుల్ అంటించాడు. రంగు సరిగ్గా ఆరకపోవడంతో ఒక డ్రమ్ము మీద లేబుల్ ఊడొచ్చి, మళ్లీ అంటించాల్సి వచ్చింది.

మరుసటి ఏడు నౌరోజ్ పండక్కి, అంటే వాళ్ల ఉగాదికి, ఏజెంటు నుంచి మెసేజి వచ్చింది. పువ్వుల బొమ్మ, మా ఇంట్లో అందరి క్షేమం, చివర్న ఒక వాక్యం: అదే మెటీరియల్ ఇప్పుడు కిలో ఎంత, ఆఘా? కొటేషన్ టైపు చేశాను. ధర, పరిమాణం, డెలివరీ ఎన్నాళ్లలో, అన్నీ నింపాను. ‘పేమెంట్ టర్మ్స్’ అన్న గడి ఖాళీగా వదిలేసి పంపాను.